అవ్వ కొట్టి చూసిన పీటలు

నా చిన్నప్పుడు అని నేను మొదలుపెట్టగానే మా మరదలు పకపకా నవ్వుతుంది. "నీకెప్పుడు వదినా చిన్నప్పుడు? మొన్ననే గదా" అంటుంది. నిజమే, నాకింకా ముప్పై రాలేదు. కానీ అది మా చిన్నత్త కూతురు, బడికి పోయే పిల్ల. దాని ముందు నేను పెద్దమనిషినే. పైగా నేను చెప్పే సంగతి వాళ్ళమ్మ పెళ్లినాటిది. వాళ్ళమ్మ పెళ్లి కళ్ళారా చూసినదాన్ని పెద్దదాన్ని కాక మరేమవుతాను?

మాది పాల్మాకుల. అప్పటికి శంషాబాద్‌లో ఎయిర్‌పోర్టు మొదలై మూడేళ్ళో నాలుగేళ్ళో అయి ఉంటుంది. మాటల మధ్యలో విమానం వస్తే నోరు మూసుకోవడం, అది దాటిపోయాక ఆపిన మాట దగ్గరే మళ్ళీ అందుకోవడం మా ఊళ్ళో అందరికీ అలవాటైపోయింది. మా అవ్వ అయితే తిట్లు కూడా అలాగే తిట్టేది. సగం తిట్టు విమానానికి ముందు, సగం తిట్టు విమానం పోయాక. తప్పించుకోవడానికి మాకు ఆ మధ్యలో కొంచెం సమయం దొరికేది.

మా ఇంటి పక్క పోర్షన్‌లోకి ఒక కొత్త జంట కిరాయికి వచ్చింది. కోస్తా వైపు వాళ్ళు. ఆయనకు ఎయిర్‌పోర్టులో షిఫ్టు డ్యూటీ. ఒక వారం పగలు, ఒక వారం రాత్రి. ఆమె ఇంట్లోనే ఉండేది. నేను ఆమెను అక్కా అని పిలిచేదాన్ని. ఆమె మాత్రం నాలాంటి పిల్లను కూడా 'రామ్మా, కూర్చోమ్మా' అని ఎంతో మర్యాదగా పిలిచేది. మా ఇంట్లో నన్ను ఏ రోజూ ఎవరూ కూర్చోమ్మా అనలేదు. అందుకే ఆమె నాకు మొదటి రోజే నచ్చేసింది.

వాళ్ళు దిగిన కొన్నాళ్ళకు ఒక వాసన మొదలైంది. మధ్యాహ్నం పూట, అందరి వంటలూ అయిపోయి గిన్నెలు కూడా తోముకున్నాక, ఆ పోర్షన్ కిటికీలోంచి మాడు వాసన వచ్చేది. ఘాటైనది కాదు, కొంచెం తీపిగా, కట్టె కమిలినట్టు. మా అవ్వ రెండు మూడు రోజులు ముక్కు ఎగబీల్చి చూసి తీర్పు చెప్పేసింది.

"పాపం, ఆ పిల్లకు వంట రానట్టున్నది. దినాం మాడవెట్టుకుంటున్నది" అంది.

మా అవ్వ నోరు గట్టిదే గాని మనసు మెత్తన. ఆ రోజే ఒక గిన్నెలో తోటకూర పప్పు పోసి, మూత పెట్టి నా చేతికిచ్చింది. ఇచ్చి, వంట సంగతి అడిగి ఆ పిల్ల మనసు కష్టపెట్టొద్దని కూడా చెప్పింది. నేను గిన్నె పట్టుకుని వెళ్ళేసరికి అక్క కిటికీ దగ్గర చాప మీద కూర్చుని ఉంది. ఒళ్ళో ఒక చెక్క పలక. చేతిలో రేడియోలు బాగుచేసేవాళ్ళ దగ్గర ఉండే సోల్డరింగ్ రాడ్డు, దాని మొన సన్నగా అరగదీసి ఉంది. కాలుతున్న ఆ మొనను పలక మీద మెల్లగా లాగుతుంటే, లాగిన మేరా గోధుమరంగు గీత పడుతోంది. గీత వెంటే సన్నటి పొగ లేస్తోంది. ఆ మాడు వాసన వంటది కాదు, బొమ్మది.

పలక మీద ఉన్నది మా దూడ. కిటికీలోంచి మా కొట్టం కనిపిస్తుంది కదా, అది చూస్తూ వేసింది. వాళ్ళమ్మ నాకుతుంటే మెడ వంచి నిలబడ్డ దూడ. చెవి లోపలి వెంట్రుకలు కూడా ఉన్నాయి. రంగు లేదు, కుంచె లేదు. కొన్నిచోట్ల బిస్కెట్ రంగు, కొన్నిచోట్ల చింతగింజ రంగు, కళ్ళ దగ్గర మాత్రం చిక్కటి నలుపు. అంతా ఒక్క వేడితోనే. చెయ్యి తొందరగా కదిలితే లేత గీత, నెమ్మదిగా కదిలితే ముదురు గీత. నేను పప్పు గిన్నె పట్టుకుని ఎంతసేపు నిలబడ్డానో నాకే తెలియదు. చివరకు అక్కే లేచి గిన్నె అందుకుంది.

అప్పట్నుంచి బడి నుంచి వచ్చాక నా కాపురం అక్క దగ్గరే. ఆమె ఎవరి దగ్గరా నేర్చుకోలేదు. పెళ్లికి ముందు వాళ్ళ తమ్ముడి రాడ్డు తగిలి ఒక పీట మీద మచ్చ పడితే, ఆ మచ్చను దాచడానికి దాని చుట్టూ పువ్వు గీసిందట. అలా మొదలైంది. ఆ బొమ్మలు అమ్మేది కాదు, ఎక్కడికీ పంపేది కాదు. వేసి, గోడకు ఆనించి, దూరం నుంచి ఒకసారి చూసుకుని, మళ్ళీ ఇంకో పలక తీసేది. నాకు కూడా ఒక పనికిరాని చెక్క ముక్క ఇచ్చి గీతలు లాగమనేది.

"చెయ్యి ఆపకూడదమ్మా. ఎక్కడ ఆలోచిస్తూ ఆగావో అక్కడ మచ్చ పడిపోతుంది. ఆలోచన ముందే అయిపోవాలి" అనేది.

ఇక మా తాత సంగతి. మా తాతది వ్యవసాయం. ఉలి పట్టడం ఆయన కులవృత్తి కాదు, ఎవరూ నేర్పిందీ కాదు. కానీ చేతికి కట్టె దొరికితే ఊరుకునేవాడు కాదు. మా ఇంట్లో పప్పుగుత్తి పిడికి చిలుక ఉండేది. గొడ్డలి కామకు పాము చుట్టుకుని ఉండేది. అవ్వ రోకలికి నడుమున మామిడిపిందెల దండ. "పని తక్కువ, పనితనం ఎక్కువ" అని అవ్వ ఎద్దేవా చేసేది గాని, ఆ రోకలిని ఇరుగుపొరుగుకు ఎరువిచ్చేది మాత్రం కాదు.

మా చిన్నత్త పెళ్లి కుదిరింది. తాతకు అందరికంటే చిన్నబిడ్డ. పెద్ద బిడ్డల పెళ్లిళ్ళప్పుడు పొలం పనుల్లో తీరలేదట, అందుకని ఈ బిడ్డనైనా నా చేత్తో చెక్కిన పీట మీద కూర్చోబెడతానని ఆయన ఎన్నాళ్ళనుంచో అనుకుంటున్నాడు. ఎడ్లు లేక మూలపడ్డ మా బండికి మంచి టేకు పలకలుండేవి. వాటిని విప్పి, పహాడీ షరీఫ్ దారిలో ఉన్న కోత మిషన్ దగ్గర చిత్రిక పట్టించి తెచ్చాడు. రెండు పీటలు, పెళ్లికొడుక్కొకటి, పెళ్లికూతురికొకటి. అంచుల చుట్టూ తీగ, నాలుగు మూలలా చిలుకలు. చిన్నత్తకు విమానం కనిపిస్తే చిన్నపిల్లలా చెయ్యి ఊపే అలవాటుండేది. అందుకని ఆమె పీటకు మాత్రం తీగ మధ్యలో ఒక చిన్న విమానం కూడా చెక్కాడు.

అయితే తాత కళ్ళకు అప్పటికే పొర కమ్ముతోంది. చిలుక ఆకారం వేలితో తడుముకుంటూ చెక్కగలిగాడు గాని ఈకలు, కళ్ళు, ఆకుల ఈనెలు ఆయన వల్ల కాలేదు. ఉలి రెండుసార్లు జారింది. ఆపరేషన్ చేయించుకొమ్మంటే, పెళ్లిముందర దవాఖాన మాటెత్తొద్దన్నాడు. సగం అయిన పీటను ఒళ్ళో పెట్టుకుని వాకిట్లో ఊరికే కూర్చునేవాడు. ఏ పని చేస్తున్నా ఈల వేసే మనిషి ఈల మానేశాడు. అది చూసి నాకు ఏడుపొచ్చేది.

ఒకరోజు నేను అక్క వేసిన దూడ బొమ్మను తెచ్చి తాత చేతిలో పెట్టాను. ఆయన కళ్ళకు దగ్గరగా పెట్టుకుని, వెలుతురు వైపు తిప్పి, ఆ తర్వాత కళ్ళు మూసుకుని బొటనవేలితో గీతల మీద మెల్లగా రాసి చూశాడు. కాలిన గీత కొంచెం లోతుగా ఉంటుంది కదా, అది ఆయన వేలికి తెలిసింది. పీటలు రెండూ నా చేత మోయించి, తను నా భుజం పట్టుకుని అక్క గుమ్మం ముందుకు వెళ్ళాడు.

అక్క బెదిరిపోయింది. "వద్దు తాతగారూ, పెళ్లి పీటలండీ ఇవి. నేను ఒక్క గీత తప్పు పెడితే మళ్ళీ చెరపడానికి కూడా ఉండదు" అంది.

"నేను చెక్కింది మల్ల అతుకుతదా బిడ్డా? నీదెంతనో నాదీ గంతే. కానీయ్" అన్నాడు తాత.

ఆ తర్వాతి రోజులు తలుచుకుంటే ఇప్పటికీ నాకు హాయిగా ఉంటుంది. మధ్యాహ్నం కరెంటు కోత తీరగానే అక్క రాడ్డు వేడెక్కేది. తాత పక్కన కూర్చుని ఏ ఈక ఎటు వంగాలో చెప్పేవాడు. ఆమె గీసేది. గీసిన చోట వేడి తగ్గాక ఆయన వేలితో తడిమి తల ఊపేవాడు. మళ్ళీ కరెంటు పోతే ఇద్దరూ కబుర్లలో పడేవాళ్ళు. ఆయన వానాకాలం గురించి చెప్పేవాడు, ఆమె వాళ్ళ కాలువల గురించి చెప్పేది. ఆయన మాట ఆమెకు సగమే అర్థమయ్యేది, ఆమె మాట ఆయనకు మరీ మర్యాదగా ఉండి నవ్వొచ్చేది. చెక్క మీద మాత్రం ఇద్దరికీ ఒకరిది ఒకరికి పూర్తిగా అర్థమయ్యేది. చేసేవాళ్ళని ఎవరూ చెయ్యమనని పని, మెచ్చుకునేవాళ్ళు లేకపోయినా అంత శ్రద్ధగా చేసే పని ఎలా ఉంటుందో నేను అక్కడే చూశాను. తాత మళ్ళీ ఈల వేయడం మొదలుపెట్టాడు.

పెళ్లిపనులు మొదలై పసుపు కొట్టే రోజు వచ్చింది. ఇంటినిండా ఆడవాళ్ళు. తాత పీటలు తెచ్చి నడింట్లో పెట్టాడు. అందరూ మూగారు. చిలుకలు ఇప్పుడో ఇంకాసేపటికో ఎగిరేటట్టు ఉన్నాయి. చిన్నత్త విమానం బొమ్మ మీద వేలు పెట్టి తండ్రి వంక చూసి నవ్వింది, కళ్ళలో నీళ్ళు పెట్టుకుంది. అవ్వ కూడా మురిసిపోయింది. చేతినిండా పసుపు తీసుకుని పీటకు రాయడానికి వంగింది.

వంగిన మనిషి అలాగే ఆగిపోయింది. ముక్కు పీటకు దగ్గరగా పెట్టి వాసన చూసింది.

"ఇది కాల్చిండ్రా?" అంది.

అప్పటికి గాని మాకు తెలియలేదు, అవ్వ ఇన్నాళ్ళూ అక్క బొమ్మలను కాటుకతో వేసినవనుకుంటోందని. అవ్వకు మోకాళ్ళ నొప్పులు. పక్క పోర్షన్ మెట్లు ఎక్కేది కాదు. అక్క పని చేస్తుండగా ఎన్నడూ చూడలేదు. నేను తెచ్చి చూపించిన బొమ్మలు చూసి బాగున్నాయంది. మధ్యాహ్నం వాసనేమో వంట మాడుతోందనే నమ్మింది. ఈ రెండింటికీ ముడిపెట్టే అవసరం ఆమెకు రాలేదు. మాకెవరికీ చెప్పాలని తోచలేదు.

అవ్వ చేతిలోని పసుపు మళ్ళీ గిన్నెలో వేసేసింది. "కాలిన కట్టె కాట్లనే ఉండాలె. కొరివి మీద నా బిడ్డను కూసోవెడ్తరా?" అంది. గొంతు పెద్దది చెయ్యలేదు. అరిచి ఉంటే ఎవరైనా సర్దిచెప్పేవారేమో. చితి గుర్తొచ్చి అవ్వ నిజంగా భయపడింది. ఆ భయం చూసి చుట్టూ ఉన్న ఆడవాళ్ళ మొహాలు కూడా మారిపోయాయి. గుమ్మం దగ్గర కొంగు భుజం చుట్టూ కప్పుకుని నిలబడి ఉన్న అక్క వెనక్కు వెళ్ళిపోయింది.

తర్వాత వాదనలు మొదలయ్యాయి. మా నాన్న కొరివికీ పీటకూ సంబంధం లేదన్నాడు. మా అమ్మ పంతులుగారిని అడుగుదామంది. నేనూ ఊరుకోలేదు, మనం పొయ్యిలో కాల్చిన కట్టెతోనే కదా అన్నం వండుకుంటున్నామన్నాను. ఎవరు ఎంత మాట్లాడితే అవ్వ అంత బిగుసుకుపోయింది. చివరకు, "పంతులు బిడ్డ గాదు, నా బిడ్డ" అని ఒక్కమాటతో అందరి నోళ్ళూ మూయించి, టెంట్ హౌస్ నుంచి పీటలు తెప్పించమని నాన్నకు చెప్పేసింది. ఆ పీటలు వచ్చాయి. ఎర్ర మఖ్మల్ గుడ్డ తొడిగి, మూలల్లో మేకులు తేలి, ఎన్ని పెళ్లిళ్ళలో నలిగాయో అన్నట్టున్నాయి.

తాత మాత్రం ఒక్కసారి కూడా వాదించలేదు. చెక్కిన పీటలను గోనెసంచిలో చుట్టి మంచం కింద పెట్టుకున్నాడు. ఆయన ముఖం వైపు చూడటానికి చిన్నత్తకు ధైర్యం లేకపోయింది. పక్క పోర్షన్‌లో మధ్యాహ్నం వాసన కూడా ఆగిపోయింది. మొదట్లో అవ్వ జాలిపడి పప్పు పంపించిన వాసన అది. అది లేకపోయేసరికి నాకు ఇల్లంతా బోసిగా అనిపించింది.

పెళ్లికి ముందురోజు ఐరేని కుండలు తెచ్చే తంతు ఉంటుంది. మా దిక్కు పెళ్లికి అవి లేకుండా కుదరదు. సున్నం, ఎర్రటి జాజు పూసి ముగ్గులు వేసిన కొత్త కుండలను కుమ్మరి ఇంటి నుంచి డప్పులతో తెచ్చి దేవుడి ముందర పెట్టాలి. మా కుండలు చేసే కుటుంబం అప్పటికి సాతంరాయి దగ్గర బెంగళూరు రోడ్డు పక్కకు మారిపోయింది. అందుకని ఆడవాళ్ళు ఆటోల్లో, డప్పులవాళ్ళు ట్రాలీలో బయలుదేరే ఏర్పాటు. అవ్వ కోపాలు పక్కన పెట్టి అక్కను పిలవడానికి తనే మెట్లెక్కి వెళ్ళింది. తలనొప్పిగా ఉంది మామ్మగారూ, మీరు వెళ్ళిరండి అంది అక్క. అవ్వ మెట్లు దిగి వచ్చేసింది.

నేను ఆటో ఎక్కబోతుంటే తాత నన్ను చాటుకు పిలిచాడు.

"అవ్వ పక్కనే నిలబడు. ఏ కుండ వద్దన్నా ఎందుకు వద్దన్నవవ్వా అని అడుగు. ఇంటికొచ్చినంక నేను నిన్నడుగుత. అవ్వ ఏమన్నదో గదే చెప్పు, నీ సొంత మాట ఒక్కటి కలపకు" అన్నాడు.

ఎందుకని అడిగితే, జర చెప్పింది చెయ్యి అన్నాడు. నాకేమీ అర్థం కాలేదు. తాత చెప్పాడు కదా అని తల ఊపాను.

కుమ్మరి వాకిట్లో కుండలు తిప్పే సారెకు పూజ అయ్యాక కుండలను వరుసగా పెట్టారు. రోడ్డు మీద లారీల మోత, ఇక్కడ డప్పుల మోత. అవ్వ డప్పులు ఆపమని చెయ్యెత్తింది. ఒక్కొక్క కుండ ముందు గొంతుకూర్చుని, నడిమి వేలు మడిచి, కణుపుతో కొట్టి చెవి పెట్టి వింది. కొడితే కుండ ఖంగుమనాలి. అలా మోగినదాన్ని పక్కన పెట్టి బొట్టు పెడుతోంది. ఆమె అలా వింటున్నప్పుడు గుళ్ళో కళ్ళు మూసుకున్నప్పటి కంటే శ్రద్ధగా ఉంది. ముగ్గులన్నీ అందంగా ఉన్న ఒక కుండ మాత్రం దబ్‌మని మొద్దుగా పలికింది. అవ్వ దాన్ని వెనక్కు నెట్టేసింది.

"ఎందుకు వద్దన్నవవ్వా? మంచిగున్నది గదా" అన్నాను.

అవ్వ నాకు నేర్పుతున్నట్టుగా నెమ్మదిగా చెప్పింది. కుమ్మరాయన ఏమీ అనుకోకుండా నవ్వి, దాని బదులు వేరే కుండ తెచ్చిపెట్టాడు. డప్పులు మళ్ళీ మొదలయ్యాయి.

ఇంటికొచ్చి కుండలను దించి హారతి ఇచ్చాక అందరూ నడింట్లో చతికిలబడ్డారు. తాత తన మంచం మీద కూర్చుని ఉన్నాడు. కుండలు మంచిగున్నాయా బిడ్డా అని నన్ను అడిగాడు. ఒక కుండను అవ్వ వద్దందని చెప్పాను. "ఎందుకంట?" అన్నాడు, ఏమీ ఎరగనట్టు.

నేను అవ్వ చెప్పింది చెప్పినట్టు అప్పజెప్పాను. "అగ్గిల మంచిగ పడి బయటికొచ్చిందే పెండ్లికి పనికొస్తది. అగ్గి చూడని పచ్చికుండను దేవుని ముందట ఎట్ల వెడ్తమే? సూపుకు ఎంత సక్కగుంటే ఏంది అన్నది" అన్నాను.

అందరి చూపులూ ఒకదాని తర్వాత ఒకటి మంచం కిందికి పోయాయి. చెప్పిన నాకు కూడా చెప్పాకే వెలిగింది. అవ్వ నా వంక చూసింది, తాత వంక చూసింది. సరిగ్గా అప్పుడే ఒక విమానం ఇంటి మీదుగా పోయింది. ఇల్లంతా దాని మోతే. ఎప్పటిలాగే అందరం నోరు మూసుకుని అది దాటిపోయేదాకా ఆగాం. ఆ కాసేపట్లో అవ్వ మొహంలో మొదట కోపం వచ్చింది, తర్వాత అనుమానం వచ్చింది, ఆ తర్వాత నవ్వు వచ్చింది. ఆ విమానం లేకపోతే కోపం దగ్గరే మాట జారిపోయి ఉండేదని నాకిప్పటికీ అనిపిస్తుంది.

"నువ్వే నేర్పినవ్ గదా ఈ పిల్లకు?" అంది తాతతో.

"నేనెక్కడ నేర్పిన? నువ్వన్న మాటనే నీకు చెప్పింది" అన్నాడు తాత.

అవ్వ లేచింది. మోకాళ్ళు పట్టుకుని వంగి, మంచం కింది నుంచి గోనెసంచిని బయటికి లాగింది. పీటను నేల మీద పెట్టి, దాని ముందు గొంతుకూర్చుంది. నడిమి వేలు మడిచింది. కుండలను కొట్టినట్టే కణుపుతో ఠకఠకా కొట్టి చెవి పెట్టింది. చెక్క ఏం పలుకుతుంది? అయినా ఇల్లంతా ఊపిరి బిగపట్టి ఆమెతో పాటు వింది.

"మంచిగనే పడ్డది అగ్గిల. పనికొస్తది" అంది అవ్వ.

రెండో పీటను కూడా అలాగే కొట్టి చూసింది. చిన్నత్త పరుగున వచ్చి అవ్వను వెనక నుంచి వాటేసుకుంది. అవ్వ ఆమెను విదిలించుకుని, పసుపు గిన్నె చేతికి తీసుకుని, ఆ రోజుకు రెండోసారి పక్క పోర్షన్ మెట్లెక్కింది. నేనూ వెంట పడ్డాను. అక్క తలుపు తీసేసరికి ఆమె కళ్ళు ఉబ్బి ఉన్నాయి. అవ్వ క్షమించమనే మాటలు వచ్చిన మనిషి కాదు. గిన్నె ముందుకు చాపింది.

"రా బిడ్డా. చేసినదానివి నువ్వు, ముందుగాల పసుపు నీ చెయ్యే పెట్టాలె" అంది.

అక్క అవ్వ చేతిని రెండు చేతులతో పట్టుకుంది. ఇద్దరూ కిందికి వచ్చాక పీటలకు పసుపు రాశారు. రాస్తూ రాస్తూ అవ్వ వేలు విమానం దగ్గర ఆగింది. ఇదేందని అడిగి, చెప్పించుకుని, ఇంకో ఆర్డర్ వేసింది. "విమానమున్న పీట పెండ్లికొడుక్కెయ్యిరి. ఎగిరిపోతే గాయననే ఎగిరిపోతడు, నా బిడ్డెందుకు పోవాలె?" అంది. ఇల్లంతా నవ్వులే. మరునాడు మా మామ ఏమీ తెలియక బుద్ధిమంతుడిలా ఆ విమానం మీదే కూర్చుని తాళి కట్టాడు. ఇప్పటికీ ఆయన ఎక్కడికీ ఎగిరిపోలేదు. టెంట్ హౌస్ పీటల మీద పూలబుట్టలు పెట్టుకున్నాం.

పెళ్లయ్యాక తాత కంటి ఆపరేషన్ చేయించుకున్నాడు. కట్టు విప్పాక చిన్నత్త ఇంటికి వెళ్ళి పీటలను మొదటిసారి తేటగా చూసి వచ్చి, నేరుగా అక్క దగ్గరకు పోయి, "బిడ్డా, నా చిలుకకు ముక్కు వంకర పోయింది, నువ్వన్న చెప్పొద్దా?" అని దెబ్బలాడాడు. ఆ వంకర వల్లే అది మాట్లాడబోతున్నట్టుంది తాతగారూ అంది అక్క. ఆయన కాసేపు ఆలోచించి, అట్లయితే సరే అని ఒప్పుకున్నాడు. తర్వాత రెండేళ్ళకు అక్కావాళ్ళకు బదిలీ అయింది. ఆ రెండేళ్ళూ మధ్యాహ్నం వాసన వస్తే, ఊరికి కొత్తగా వచ్చినవాళ్ళకు అవ్వే గర్వంగా చెప్పేది, అది వంట కాదని.

ఇప్పుడు తాత లేడు, అవ్వ లేదు. ఆదివారాలు శంషాబాద్‌లో ఒక మేడ మీద మేం కొంతమందిమి చేరి చెక్కలు చెక్కుకుంటాం, కాల్చుకుంటాం. ఒకాయన బస్సు డ్రైవరు, ఒకామె నర్సు, ఇద్దరు రిటైరైనవాళ్ళు. ఎవరికీ అదేం పొట్టకూటి పని కాదు. ఎండలో కూర్చుని ఆకు ఈనె కోసం పూటంతా గడిపే ఆ మనుషులను చూస్తే నాకు మా తాతా అక్కా పక్కపక్కన కూర్చున్నట్టే ఉంటుంది, గుండె నిండిపోతుంది.

అవ్వ పీటలు కొట్టి చూసిన ఆ రోజు నుంచి నాతో మిగిలిపోయినది ఒకటుంది. ఎవరైనా నా మాటకు అడ్డం తిరిగితే నేను వెంటనే వాదనకు దిగను. మా అవ్వను మేమందరం బయట నుంచి తోసి చూశాం, ఆమె కదల్లేదు. తాత మాత్రం ఆమె ప్రేమగా చేసే పనుల్లోనే వెతికాడు. ఆమెకు కావలసిన జవాబు ఆమె వేలి కణుపులోనే ఉందని ఆయనకు తెలుసు. దాన్ని కూడా తను చెప్పలేదు, ఆమె మాట ఆమెకే చేరవేయించాడు. ఓడిపోయానని అవ్వకు అనిపించనివ్వకుండా గెలవడం అంత తేలిక కాదని పెద్దయ్యాక గాని నాకు అర్థం కాలేదు. ఉద్యోగంలో, ఇంట్లో చాలాసార్లు ప్రయత్నించాను. అన్నిసార్లూ కుదరలేదు. కుదిరినప్పుడు మాత్రం తాత ఈల వినిపించినట్టుంటుంది.

ఇంకొక అలవాటు కూడా ఉండిపోయింది. నేను కాల్చిన ఏ బొమ్మనైనా ఎవరికైనా ఇచ్చేముందు నడిమి వేలు మడిచి ఒకసారి కొట్టి చూస్తాను. చెక్క ఏం చెబుతుందని అందరూ నవ్వుతారు. నేనూ నవ్వుతాను గాని మానను.

పోయిన ఆదివారం మా మరదలు తన మొదటి పలక పూర్తిచేసింది. వాళ్ళింట్లో ఆ పీటలున్నాయి కదా, తాత చెక్కిన చిలుకనే చూసి వేసింది. ముక్కు వంకరతో సహా. తెచ్చి నా కళ్ళ ముందు పెట్టలేదు. నా చేతికి అందేటట్టు పట్టుకుని, ఊపిరి బిగపట్టి నిలబడింది.

"కొట్టి చూడు వదినా" అంది.

కొట్టి, చెవి పెట్టి విన్నాను.

"పనికొస్తది" అన్నాను.